డిక్కీలో ఒదిల్

ఒదిల్ జీవితంలో చాలా భాగం డిక్కీలో గడిచింది. వేళాకోళానికి అనడం లేదు. మా ఊళ్ళో ఎవరి కారైనా ఎక్కడినుంచో తెలియని గలగల మొదలుపెడితే, మెకానిక్కులు కిందా మీదా పడి వెతికి చేతులెత్తేస్తే, ఆ కారు డిక్కీలో ఒదిల్‌ను పడుకోబెట్టి, మూత వేసి, గతుకుల రోడ్డు మీద తిప్పుకొచ్చేవాళ్ళు. తిరిగొచ్చి మూత తెరిచాక ఆమె లేచి, ఆ చప్పుడు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. మా వాళ్ళకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఒక మనిషిని పెట్టెలో పెట్టి తిప్పుతున్నామని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఆ కార్లు వచ్చే గరాజులోనే ముందు గదిలో, నట్లూ బోల్టులూ అమ్మే కౌంటరు వెనక కూర్చుని రోజూ చూసేదాన్ని.

మాది అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రానికి ఉత్తర కొస. ఏటికి అవతలి ఒడ్డు కెనడా, ఇవతల బంగాళాదుంప చేలు. చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు కార్ల అడుగుభాగాన్ని తినేస్తుంది. ఏప్రిల్‌లో నేల కరిగేటప్పుడు రోడ్డు ఉబ్బి ఎక్కడికక్కడ గూనులు లేస్తాయి. తుప్పు పట్టిన కారు అలాంటి రోడ్డు మీద గలగలమనక ఏం చేస్తుంది? అందుకని మా గరాజుకు ఏప్రిల్ అంటే పండగ. ఒదిల్‌కు మాత్రం మోకాళ్ళ నొప్పులు.

మనిషి చిన్నది. చలికోటు వేసుకుంటే కోటు ఒక్కటే నడిచి వస్తున్నట్టుండేది. ఆమె భర్త లూసియెన్ బతికున్న రోజుల్లో, ఒక కారు చప్పుడు వారం పాటు దొరక్క విసిగిపోయి, సరదాకి "నువ్వు పడుకుని విను" అని ఆమెను డిక్కీలో ఎక్కించాడు. మూత తీసేసరికి "స్టెప్నీ కింద చిన్న ఇనప ముక్కేదో దొర్లుతోంది" అంది. తీసి చూస్తే అదే. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే ఆమె ఉద్యోగమైపోయింది. లూసియెన్ గుండెపోటుతో పోయాడు, అతని గరాజు తమ్ముడు ఆర్మాన్ చేతికొచ్చింది, గరాజు వెనక ఇంట్లో అత్తగారు ఫిలొమెన్ మిగిలింది. ఒదిల్ ఆ ఇంటికీ ఆ డిక్కీకీ మధ్య మిగిలింది.

డిక్కీకి ఒక మర్యాద ఉండేది. చప్పుడు ఏ రోడ్డు మీద ఎలా వస్తుందో చూపించడానికి కారు సొంతదారులు కూడా ఎక్కేవాళ్ళు, మొగుడూ పెళ్ళాలు జంటగా ఎక్కేవాళ్ళు. ఎక్కాక ఊరుకుంటారా? మొదట్లో ఒక జంట దారి పొడవునా దారుణంగా పోట్లాడుకున్నారు. తిరిగొచ్చి మూత తెరిచాక ఆవిడ మొహం పాలిపోయి, "నీకేమైనా వినబడిందా ఒదిల్?" అని అడిగింది. "గలగల తప్ప ఇంకేం వినబడదమ్మా. అందులో పడుకుంటే మాటలన్నీ గుడ్డ కప్పినట్టే" అంది ఒదిల్. ఆవిడ మొహంలోకి మళ్ళీ రక్తం వచ్చింది. అప్పటినుంచి అది మా ఊళ్ళో సత్యమైపోయింది. డిక్కీలో మాటలు వినబడవు. వదులైన వాషరు చప్పుడు వినగలిగిన మనిషికి చేతికందే దూరంలో కూర్చున్నవాళ్ళ మాట ఎలా వినబడదని ఒక్కరూ అడగలేదు. అడక్కపోవడమే అందరికీ హాయి. నాకు తెలిసి కొందరైతే కారులో ఏ చప్పుడూ లేకపోయినా, మనసు విప్పి మాట్లాడుకోవడానికే ఆ తిరుగుడు తిరిగేవాళ్ళు.

ఇక అసలు సంగతి. ఒదిల్‌కు ఊరు విడిచి వెళ్ళిపోవాలని ఉండేది. పోర్ట్‌లాండ్‌లో వాళ్ళ అక్క అల్వీనాకు పడవల సీట్లకూ తెరలకూ గుడ్డలు కుట్టే దుకాణం ఉంది. ఒదిల్ చేతికి కుట్టు బాగా వచ్చు. సముద్రం కనబడే కిటికీ పక్కన ఒక మిషను, మేడ మీద ఒక గది ఆమె కోసం ఖాళీగా ఉంచింది అల్వీనా. లూసియెన్ పోయాక ఒదిల్ పెట్టె సర్దుకున్న ప్రతిసారీ అత్తగారికి గుండె పట్టేసేది. డాక్టరు వచ్చి గొట్టం పెట్టి విని, గ్యాసేమో అని గొణిగి వెళ్ళేవాడు. బస్సు వెళ్ళిపోయేది. ఒదిల్ పెట్టె విప్పేసేది. మా ఊరి ఆడవాళ్ళు, వాళ్ళలో నేనూ ఉన్నాను, "అంత ముసలామెను వదిలి ఎలా వెళ్తావు ఒదిల్" అని తలా ఒక మాట వేసేవాళ్ళం.

ఆ ఏప్రిల్‌లో అల్వీనా ఫోను చేసి ఖండితంగా చెప్పేసింది. "ఈ శనివారం బస్సులో నువ్వు దిగకపోతే ఆ మిషను మీద ఇంకొకరిని కూర్చోబెడతాను. నాకూ ఓపిక పోతోంది. ఖాళీ కుర్చీకి ఎన్నాళ్ళని దుమ్ము దులపను?" ఒదిల్ మళ్ళీ పెట్టె సర్దింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. పెట్టె మంచం కిందికి తోసింది. నాకు మాత్రం గురువారం పొద్దున కాఫీ తాగుతూ చెప్పింది. చెప్పి, "అత్తయ్య బాగుంటేనే అనుకో" అని చివర తగిలించింది. నాకు ఒళ్ళు మండింది. ఆ చివరి ముక్క లేకుండా ఆమె నోట ఒక్క మాటా రాదు.

ఆ గురువారమే ఎమీల్ తన పాత కారు తెచ్చాడు. దుంపల రైతు, నోరు కాస్త పెద్దది. పెళ్ళాం రొజాన్నా పక్కన ఉంది. మనిషి నిండుగా ఉంటుంది.

"చిత్రమైన జబ్బు ఆర్మాన్ దీనికి. నేనొక్కణ్ణే వెళ్తే కిక్కురుమనదు. ఆదివారం మా ఆవిడతో చర్చికి బయల్దేరితే చాలు, దారంతా గలగల" అన్నాడు ఎమీల్.

గరాజులో కాఫీ కోసం చేరే ముసలాళ్ళు ముసిముసిగా నవ్వారు.

"నేను దిగితే మీ నోరు గలగలమంటుంది. దానికి మందు లేదా అడగండి" అంది రొజాన్నా.

ఒదిల్ నవ్వలేదు. కారు చుట్టూ తిరిగి, కుడివైపు వెనక చక్రం దగ్గర వంగి చూసింది. "ముందు కుడి సీట్లో బరువుంటేనే మోగుతోందన్నమాట. బరువు పడితే అటు పక్క దిగుతుంది. దిగినప్పుడు ఏదో ఒకటి ఇంకోదానికి తగులుతోంది. సీట్లో మనిషి ఉండాలి."

"అంటే నన్ను తూకపు రాయిలా కూర్చోబెట్టి తిప్పుతారా? నేను రాను" అని రొజాన్నా నా కౌంటరు దగ్గరికొచ్చి కుర్చీలో కూలబడింది.

ఆర్మాన్ గడ్డం గోక్కున్నాడు. "అమ్మ ఉందిగా. ఇంచుమించు అంతే ఉంటుంది."

ఫిలొమెన్ ముసలమ్మకు షికారంటే ప్రాణం. చెప్పీ చెప్పగానే తలకు రుమాలు కట్టుకుని, మంచి కోటు తొడుక్కుని వచ్చి ముందు సీటు నింపేసింది. ఒదిల్ తన పాత బొంత, టార్చి తీసుకుని డిక్కీలో ముడుచుకుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పడుకోవాలి, లేకపోతే మూత పడదు. లోపలినుంచి తెరుచుకునే పిడి ఆ పాత కారుకు లేదు. వాళ్ళకు సైగలుండేవి. ఒకసారి కొడితే పోనిమ్మని, రెండుసార్లు కొడితే దొరికిందని, మూడుసార్లు కొడితే ఆపమని. ఆర్మాన్ మూత వేసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు ఏటి గట్టు రోడ్డు వైపు తిరిగింది.

ఆ తరవాత కారులో జరిగింది నాకు ఒదిల్ చెప్పింది. చెప్పినప్పుడు ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు.

లోపల చీకటి, రబ్బరు వాసన, దుంపల మట్టి వాసన. మొదటి గూను ఎక్కగానే కుడివైపు కింద గలగల మొదలైంది. ఒదిల్ అరచేయి రేకు మీద ఆనించి, ఎక్కడ ఎక్కువ అదురుతోందో వెతకసాగింది. అప్పుడు ముందు సీట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. మధ్యలో ఉన్నది సీటు దూదీ, ఒక అట్టముక్కా, అంతే.

"పెట్టె సర్దేసిందిరా. మంచం కింద పెట్టింది. నాకు తెలియదనుకుంటోంది."

"చూశానమ్మా" అన్నాడు ఆర్మాన్.

"శనివారమేగా బస్సు?"

"శనివారమే. పొద్దున."

"అయితే బస్సుకు ముందే పడిపోతాను. అది పొయ్యి దగ్గర బక్‌వీట్ పిండితో అట్లు పోస్తుంటే, అక్కడే వంటింటి నేల మీద."

"నేల మీద వద్దమ్మా, ఈ చలికి మంచులా ఉంటుంది. పోయినసారిలా సోఫా మీద పడుకో."

"సోఫా మీద పడుకుంటే నమ్ముతుందా?"

"పోయినసారి నమ్మిందిగా."

ఒదిల్ అరచేయి రేకు మీదే ఉండిపోయింది. అత్తగారి సంగతిలో ఎప్పుడో ఒక మూల అనుమానం ఉండేదట. కాని ఆర్మాన్ మీద లేదు. లూసియెన్ పోయినప్పుడు పక్కనే నిలబడి శవపేటిక మోసినవాడు, "నువ్వు ఎప్పుడు వెళ్ళాలంటే అప్పుడు నేనే బస్సెక్కిస్తాను వదినా" అన్నవాడు. పోయినసారి అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నది కూడా వాడే. ఒదిల్ కదలబోయింది. కాళ్ళు చాపుకుందామంటే చోటు లేదు. మూడుసార్లు కొట్టి ఆపించాలని చేయెత్తింది. ఆపించి, మూత తెరిపించి ఏమనాలి? విన్నానని అనాలి. ఇన్నేళ్ళుగా ఏమీ వినబడదని చెప్పిన మనిషి ఆ మాట ఎలా అంటుంది? ఎత్తిన చేయి దించేసింది.

ముందు సీట్లో ముసలమ్మ గొంతు మారింది. "నాకేం సరదా అనుకున్నావురా? అది పోతే నీ పెళ్ళాం నన్ను నాలుగు రోజులు ఉంచుకుంటుందా? కారిబూ టౌన్లో ముసలాళ్ళ హోములో పడేస్తుంది. అక్కడ నా తల ఎవరు దువ్వుతారు?"

"ఎవరూ ఎక్కడా పడెయ్యరు. వదిన ఉంటుంది."

"ఉండేలా నువ్వు చూడాలి."

"చూస్తున్నానుగా. ఆమె లేకపోతే గరాజు మాత్రం నడుస్తుందా? ఈ బేరాలన్నీ ఆ చెవులకోసమే వస్తున్నాయి."

ఆ తల దువ్వే మాట విన్నప్పుడు తనకు ఏడుపొచ్చిందని ఒదిల్ చెప్పింది. కోపంతో కాదు. ముసలమ్మ నిజంగా భయపడుతోంది, ఆ భయం కూడా అట్టముక్కలోంచి స్పష్టంగా వినబడింది. అదే అసలు ఉచ్చు. మాయ అని తెలిసినా, శనివారం పొద్దున ఆమె కళ్ళు మూసుకుని పడి ఉంటే, పెట్టె పట్టుకుని ఆమెను దాటుకుని వెళ్ళడం తనవల్ల కాదు. ఈసారి నిజమైతేనో అనిపిస్తుంది. అలా అనిపించడం ఖాయమని ఒదిల్‌కు తన సంగతి తనకు తెలుసు. ఆ ముసలామె పడుకున్నదంటే తను ఓడిపోయినట్టే. పడుకోకముందే ఏదైనా చెయ్యాలి. కాని తన చేతిలో ఉన్నది ఒకే ఒక్క మాట, విన్నానని. ఆ మాట అంటే ఈ ఊళ్ళో ఎవరి మొహమూ మళ్ళీ తిన్నగా చూడలేదు.

ఇంత జరుగుతున్నా చేయి తన పని తాను చేసుకుపోయింది. గలగల సైలెన్సరు పైనుండే రేకుదని, దాన్ని పట్టి ఉంచే పట్టీ తుప్పు పట్టి తెగిందని, కుడివైపు దిగినప్పుడల్లా అది కారు అడుగుకు కొట్టుకుంటోందని అరచేతికి తెలిసిపోయింది. రెండుసార్లు కొట్టింది.

"దొరికిందా వదినా? శభాష్" అని గట్టిగా అరిచాడు ఆర్మాన్. మాటలు వినబడవు కాబట్టి ఆమెతో ఎప్పుడూ అరిచే మాట్లాడేవాడు. కారు వెనక్కి తిరిగింది. దారిలో తల్లీ కొడుకులు చర్చి హాల్లో ఆడే బింగో గురించి మాట్లాడుకున్నారు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి నేను వాకిట్లోనే ఉన్నాను. ఎమీల్, రొజాన్నా, కాఫీ ముసలాళ్ళు అందరూ ఉన్నారు. ఏం దొరికిందో వినడం మాకొక వేడుక. ఆర్మాన్ మూత తెరిచాడు. ఎప్పుడూ చటుక్కున దిగే ఒదిల్ ఆ రోజు దిగలేదు. లేచి డిక్కీ అంచున కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి కాసేపు వెలుతురుకు కళ్ళు చికిలించింది. తరవాత రేకు సంగతి, పట్టీ సంగతి చెప్పింది. ఆర్మాన్ వంగి చూసి "అదే" అన్నాడు. ముసలమ్మ ముందు సీట్లోంచి నెమ్మదిగా దిగి కారుకు ఆనుకుని నిలబడింది.

"చెవులంటే నీవి ఒదిల్. అంత చిన్న రేకు, ఆ హోరులో" అన్నాడు ఎమీల్.

"అంత వినబడేదానికి మన మాటలు మాత్రం వినబడవు. అదీ మన అదృష్టం" అని రొజాన్నా నవ్వింది. ఇలాంటి మాట ప్రతిసారీ ఎవరో ఒకరు అనేవాళ్ళు. ప్రతిసారీ ఒదిల్ "ఒక్క ముక్కా వినబడదు" అనేది. అందరం నవ్వేవాళ్ళం.

ఆ రోజు ఒదిల్ ఆ మాట అనలేదు. అత్తగారి వైపు తిరిగింది. ఆమె రుమాలు ముడి వదులైతే చేయి చాచి బిగించింది.

"శనివారం నేల మీద పడుకోకండి అత్తయ్యా, చలి చేస్తుంది. ఆర్మాన్ చెప్పినట్టు సోఫా మీదే పడుకోండి."

ఎంత మెల్లిగా చెప్పిందంటే, మాకు మొదట అదేదో ఇంటి సంగతనిపించింది. తరవాత ఆర్మాన్ మొహం చూశాను. చేతిలోని గుడ్డ జారి కింద పడింది, వాడు వంగలేదు. ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. రొజాన్నా నవ్వు సగంలో ఉండిపోయింది. అప్పుడు ఒకరి తరవాత ఒకరికి వెలిగింది. వాకిట్లో ఉన్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఒదిల్‌ను డిక్కీలో పెట్టుకుని తిరిగినవాళ్ళే. ప్రతివాళ్ళూ ఏం మాట్లాడుకున్నారో వెనక్కి వెళ్ళి వెతుక్కుంటున్నారు. ఎమీల్ పెళ్ళాం వైపు చూశాడు, రొజాన్నా నేల చూసింది. కాఫీ ముసలాళ్ళలో ఒకడు కప్పు కింద పెట్టి చెప్పకుండా వెళ్ళిపోయాడు. నేను మా ఆయనతో కలిసి ఒకసారి తిరిగాను. అప్పుడు ఏమన్నానో ఇక్కడ చెప్పను.

ఒదిల్ బొంత మడతపెట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది.

మధ్యాహ్నం ఆర్మాన్ నా కౌంటరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇన్నేళ్ళూ అన్నీ విన్నదా ఫ్లోరా?"

"నన్నడుగుతావేం? మూత వేసింది నువ్వు" అన్నాను.

మా ఊరు ఎంత మంచిదో ఆ రెండు రోజుల్లో తెలిసింది. "ముసలామెను వదిలి ఎలా వెళ్తావు" అని ఇన్నేళ్ళు పట్టుకు వేలాడినవాళ్ళే ఇప్పుడు "బస్సుకు టైమవుతుందేమో, పెట్టె మోసేవాళ్ళున్నారా" అని కబురు చేశారు. దారిలో తినమని రొజాన్నా మాంసం కూరిన రొట్టె పొట్లం కట్టి పంపింది. ఒదిల్ ఒక్కరి గుట్టూ ఎన్నడూ బయటపెట్టలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె ఎంత త్వరగా వెళ్తే అంత మంచిదని అందరికీ అనిపించింది. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. కాని ఆమె దారి తెరుచుకుంది కాబట్టి నోరు మూసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఒదిల్ అత్తగారికి తలంటి, ఆరబెట్టి, జడ వేసింది.

శనివారం పొద్దున పెట్టె కోసం నేను వెళ్ళేసరికి ముసలమ్మ వంటింట్లో కూర్చుని ఉంది. సోఫా మీద కాదు, వీపు ఆనించుకోవడానికి కూడా వీల్లేని స్టూలు మీద. మంచి కోటు తొడుక్కుంది. రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చుంది. తెల్లవారినప్పటినుంచి అలాగే ఉందట. ముందున్న అట్లు చల్లారిపోయాయి. ఒదిల్ గుమ్మంలో ఆగి ఆమె వైపే చూస్తూ నిలబడిపోయింది. ఒదిల్ కాళ్ళు మళ్ళీ అతుక్కుపోతున్నాయని నాకు తెలిసింది.

"చూస్తావేం? బాగానే ఉన్నాను. నాకేం కాలేదు. వెళ్ళు" అంది ముసలమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో బల్ల పట్టుకున్న వేళ్ళు చూస్తే తెలిసింది.

ఒదిల్ వంగి ఆమె తల మీద ముద్దు పెట్టుకుని బయటికొచ్చింది. ఆర్మాన్ గరాజు తలుపు దగ్గర నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. ముసలమ్మను ఏ హోముకూ పంపలేదని ఇక్కడే చెప్పేస్తాను. ఇప్పుడు రోజూ వాడే వెళ్ళి తల దువ్వుతున్నాడు. పాపిడి వంకరగా ఉంటుంది.

నా కారులో ఒదిల్ ముందు సీట్లో కూర్చుంది. కూర్చుని కిందికి వంగి, పిడి వెతికి, సీటును పోగలిగినంత వెనక్కి జరిపింది. కాళ్ళు రెండూ బారజాపింది. అంత చిన్న మనిషికి అంత చోటు అక్కర్లేదు. అయినా మడమలతో సహా చాపి, దారి పొడవునా అలాగే ఉంచింది. డిక్కీలో విన్నదంతా అప్పుడే చెప్పింది.

చెప్పడం అయ్యాక ఏటి గట్టు రోడ్డు వచ్చింది. మొదటి గూను ఎక్కగానే నా కారు వెనక ఎక్కడో గలగల మొదలైంది. చలికాలంనుంచీ ఉన్నదే, పని రద్దీలో చూపించలేదు. ఒదిల్ తల ఒక్క క్షణం ఆ వైపు తిరిగింది. నేను ఆగలేక అడిగేశాను.

"ఏమిటంటావు ఒదిల్ అది?"

ఆమె మళ్ళీ కిటికీ వైపు తిరిగి, కాళ్ళు ఇంకొంచెం చాపుకుంది.

"నాకేం వినబడటం లేదు ఫ్లోరా."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. బస్సు ఆగే చోటు దాకా అలా గలగలలాడుతూనే వెళ్ళాం.